1868లోనే ఎన్నికయ్యారు, రంగు చూసి వెళ్లగొట్టారు

సంపాదకుల వారికి,

నమస్కారం.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఈమధ్య అమెరికాలోని నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం మీద వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. మార్టిన్ లూథర్ కింగ్ గురించీ, 1955లో మొదలైన మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణ గురించీ రచయిత రాసిన తీరు బాగుంది. మా వీధిలో పదో తరగతి చదివే పిల్లలకు ఆ పుట తీసి చూపించాను కూడా. కానీ అందులోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. 1863లో లింకన్ బానిసలకు విముక్తి ప్రకటించినా, దక్షిణాది రాష్ట్రాల చట్టసభల్లో కూర్చునే అవకాశం నల్లవారికి మరో నూరేళ్ల తర్వాత, అంటే 1960 దశకంలో, మొట్టమొదటిసారిగా దక్కిందని ఆ వాక్యం చెబుతోంది. ఇది సరికాదు. జార్జియా రాష్ట్రంలో నల్లవారు 1868లోనే ఓట్లతో గెలిచి సభకు వచ్చారు. వచ్చిన రెండు నెలలకే, ఒంటి రంగు తప్ప మరే నేరమూ చూపకుండా, వారిని సభ నుంచి వెళ్లగొట్టారు. హక్కు నూరేళ్లు ఆలస్యంగా రావడం వేరు, చేతికి వచ్చిన హక్కును లాక్కోవడం వేరు. ఆ లాక్కోవడం ఎలా జరిగిందో చెప్పడానికి, వెళ్లగొట్టబడినవారిలో ఒకరైన హెన్రీ మెక్‌నీల్ టర్నర్ అనే పాస్టరు జీవితాన్ని మీ పాఠకుల ముందు ఉంచాలనుకుంటున్నాను.

తప్పు ఆ రచయిత ఒక్కరిదే అనను. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ కళాశాలలో చరిత్ర చెప్పిన నేను కూడా, దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోగా వచ్చిన అంతర్యుద్ధం ముగిసిన 1865 నుంచి 1877 వరకు గల కాలాన్ని ‘పునర్నిర్మాణం’ అని బోర్డు మీద రాసి, ఒక్క పీరియడ్‌లో దాటించేసేదాన్ని. ఆ పన్నెండేళ్లలో దక్షిణాదిన సుమారు 2,000 మంది నల్లవారు గ్రామస్థాయి న్యాయాధికారి పదవి మొదలుకొని కేంద్ర చట్టసభ దాకా రకరకాల ప్రభుత్వ పదవులు నిర్వహించారనీ, వారిలో 16 మంది అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నారనీ, రాష్ట్ర చట్టసభలకు గెలిచినవారిలో వందమందికి పైగా చర్చి బోధకులే ఉన్నారనీ నా విద్యార్థులకు నేను ఏనాడూ చెప్పలేదు. ఉద్యోగ విరమణ తర్వాత అట్లాంటాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, జార్జియా రాష్ట్ర చట్టసభ భవనం ఆవరణలో ఒక కంచు శిల్పం చూశాను. ‘రంగు కారణంగా బహిష్కృతులు’ అని దాని పేరు. పునర్నిర్మాణ కాలంలో ఆ సభకు ఎన్నికైన 33 మంది నల్లజాతి సభ్యుల స్మృతికి దాన్ని 1978లో అక్కడ నెలకొల్పారు. దాని ముందు నిలబడినప్పుడు, ఇన్నేళ్లూ నేను పాఠం చెప్పిన తీరుకు నిజంగా బాధపడ్డాను.

టర్నర్ 1834 ఫిబ్రవరి 1న దక్షిణ కెరొలైనాలోని న్యూబెరీ దగ్గర పుట్టాడు. అతని తల్లిదండ్రులు బానిసలు కారు, కాబట్టి అతనూ స్వేచ్ఛగానే పుట్టాడు; కానీ ఆ స్వేచ్ఛ పేరుకే. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. పత్తి చేలల్లో బానిసల పక్కనే కూలి చేశాడు. బానిసలకు చదవడం, రాయడం నేర్పడం నేరమని దక్షిణ కెరొలైనా చట్టం చేసింది సరిగ్గా అతను పుట్టిన 1834లోనే. ఎవరో ఒకరు అక్షరాలు మొదలుపెట్టించడం, ఇరుగుపొరుగు గొడవ చేయడం, చదువు ఆగిపోవడం ఇలా నడిచింది అతని బాల్యం. చివరికి ఆబెవిల్ అనే ఊళ్లో న్యాయవాదుల కార్యాలయంలో ఊడ్చి తుడిచే పనికి కుదిరాడు. ఆ కుర్రవాడి జ్ఞాపకశక్తి చూసి ఆశ్చర్యపోయిన అక్కడి న్యాయవాదులు అతనికి లెక్కలు, చరిత్ర, భూగోళం నేర్పారు. తర్వాత చట్టసభలో అతని మాటకు వచ్చిన పదునుకు మొదటి సాన ఆ కార్యాలయమే.

1853లో, పందొమ్మిదేళ్ల వయసులో, దక్షిణాది మెథడిస్టు చర్చి అతనికి బోధించే అనుమతి ఇచ్చింది. ఊరూరా తిరిగి బోధించేవాడు. తెల్లవారు కూడా వచ్చి వినేవారు. కానీ ఎంత గొప్పగా బోధించినా, తెల్లవారి ఆధీనంలోని ఆ చర్చిలో నల్లవాడికి అంతకు మించి ఎదుగుదల లేదు. 1858లో సెయింట్ లూయిస్‌లో అతను ఆఫ్రికన్ మెథడిస్టు ఎపిస్కోపల్ చర్చిలో చేరాడు. ఆ చర్చి గురించి ఒక మాట చెప్పాలి. తెల్లవారి ఆలయంలో సమానంగా మోకరిల్లనివ్వనందుకు బయటికి వచ్చిన నల్లజాతి విశ్వాసులు, రిచర్డ్ అలెన్ నాయకత్వంలో, 1816లో ఫిలడెల్ఫియాలో దాన్ని స్వతంత్ర సంస్థగా నిలబెట్టుకున్నారు. అందులో బిషప్పు నుంచి గుమాస్తా దాకా అందరూ నల్లవారే. దేశంలో నల్లవారు తమ డబ్బుతో, తమ ఎన్నికలతో, తమ లెక్కల పుస్తకాలతో నడుపుకోగలిగిన సంస్థలు చర్చి తప్ప దాదాపు లేని రోజులవి. బడి అక్కడే, సభ అక్కడే, చదువు రానివారికి పత్రిక చదివి వినిపించేదీ అక్కడే. ఓటు హక్కు వచ్చిన నాడు జనం తమ పాస్టర్లను చట్టసభకు పంపారంటే అది మతపిచ్చి అని ఎవరూ అనుకోనవసరం లేదు. పదిమందిని కూడగట్టి పని జరిపించిన అనుభవం ఉన్నవారు ఆ పాస్టర్లే.

1862లో టర్నర్ వాషింగ్టన్‌లో కేంద్ర చట్టసభ కూడే కాపిటల్ భవనానికి దగ్గరలో ఉన్న ఇజ్రాయెల్ బెతెల్ చర్చికి పాస్టరయ్యాడు. 1863 జనవరి 1న విముక్తి ప్రకటన వెలువడిన సాయంత్రం గురించి అతను తర్వాత రాసుకున్నది చదివితే ఆ దృశ్యం కళ్లకు కడుతుంది. ప్రకటన అచ్చయిన పత్రిక కోసం గుంపులో తోసుకుని, ఒక ప్రతి చేజిక్కించుకుని, పెన్సిల్వేనియా అవెన్యూ వెంట ప్రాణం పోయేలా పరుగెత్తాడు. పత్రిక పట్టుకుని వస్తున్న పాస్టరును చూసి జనం కేకలు వేశారు, ఎత్తి వేదిక మీద నిలబెట్టారు. తీరా చదవబోతే అతనికి ఆయాసంతో గొంతు పెగలలేదు. పక్కనున్న మరొకరికి కాగితం అందిస్తే ఆయన చదివి వినిపించాడు.

ఆ ఏడాదే నల్లజాతి సైనికుల మొదటి రెజిమెంటుకు తన చర్చి ఆవరణలోనే మనుషులను చేర్పించి, దానికి చాప్లిన్‌గా, అంటే సైన్యంలో మతాచార్యుడిగా నియమితుడయ్యాడు. అమెరికా సైన్యంలో ఆ పదవి పొందిన తొలి నల్లవారిలో అతనొకడు. యుద్ధరంగం నుంచి తన చర్చి వారపత్రికకు వరుసగా ఉత్తరాలు రాశాడు. ఆ యుద్ధాన్ని నల్ల సైనికుల వైపు నుంచి తెలుసుకోవడానికి చరిత్రకారులు ఈనాటికీ ఆ ఉత్తరాలనే తిరగేస్తారు.

యుద్ధం ముగిశాక జార్జియా వచ్చాడు. తోటల మీదుగా, బురద దారుల మీదుగా ఊరూరూ తిరిగి, నిన్నమొన్నటిదాకా బానిసలైనవారిని కూడగట్టి చర్చిలు స్థాపించాడు. 1867లో కాంగ్రెస్ చేసిన పునర్నిర్మాణ చట్టాలు దక్షిణాదిన నల్లజాతి పురుషులకు ఓటు ఇచ్చి, కొత్త రాజ్యాంగాలు రాసుకుంటే తప్ప రాష్ట్రాలను తిరిగి యూనియన్‌లోకి రానివ్వబోమని షరతు పెట్టాయి. అప్పటికి టర్నర్ కట్టిన చర్చిల వలయమే లింకన్‌ది అయిన రిపబ్లికన్ పార్టీకి నల్లవారిలో పునాదిగా పనికొచ్చింది. అట్లాంటాలో జరిగిన రాజ్యాంగ సభకు అతను ప్రతినిధిగా ఎన్నికయ్యాడు.

ఆ సభలో అతను నడిచిన దారి ఇక్కడ ముఖ్యం. అతను కక్ష తీర్చుకోవడానికి రాలేదు. పన్నులు కట్టలేక భూములు పోగొట్టుకోబోతున్న పాత తోటల యజమానులకు ఊరట ఇవ్వాలన్నాడు. తిరుగుబాటు రాష్ట్రాల అధ్యక్షుడిగా ఉన్న జెఫర్సన్ డేవిస్‌కు క్షమాభిక్ష పెట్టమని కోరే తీర్మానానికి సైతం మద్దతిచ్చాడు. మంచితనానికి మంచితనమే ఎదురొస్తుందని నమ్మాడు. ఆ నమ్మకంతోనే ఒక పెద్ద పొరపాటు కూడా జరిగింది. కొత్త రాజ్యాంగంలో నల్లవారికి ఓటు ఉందని రాశారు గాని, పదవికి పోటీచేసే హక్కు కూడా ఉందని విడిగా రాయలేదు. ఓటున్నవాడికి పదవి హక్కు వేరే చెప్పాలా అన్న భరోసాతో ఊరుకున్నారు.

1868 ఏప్రిల్ ఎన్నికల్లో జార్జియా దిగువ సభకు 29 మంది, సెనేటుకు ముగ్గురు నల్లవారు గెలిచారు. టర్నర్ మేకన్ పట్టణం ఉన్న బిబ్ కౌంటీ నుంచి దిగువ సభకు వచ్చాడు. జూలైలో సభ కూడింది. నల్లవారికి పౌరసత్వం ఇచ్చే పద్నాలుగో రాజ్యాంగ సవరణను ఆమోదించింది. షరతు నెరవేరిందని కేంద్రం సైనిక పాలన ఎత్తేసింది. సైన్యం పక్కకు తప్పుకుందని రూఢి కాగానే తెల్ల సభ్యులు ఆ రాయని వాక్యాన్ని బయటికి తీశారు. నల్లవాడికి ఓటు వేసే హక్కు మాత్రమే రాజ్యాంగం ఇచ్చింది, వేయించుకునే హక్కు ఇవ్వలేదు కనుక ఈ సభ్యులెవరూ అర్హులు కారని వాదించారు. వాళ్లను సభకు రప్పించిన వేలాది ఓట్లు చెల్లుతాయి, ఆ ఓట్లు పడిన మనుషులు మాత్రం చెల్లరు!

1868 సెప్టెంబరు 3న టర్నర్ సభలో లేచి మాట్లాడాడు. ఆ ప్రసంగం పూర్తి పాఠం నేటికీ దొరుకుతుంది. వీలున్నవారు చదవాలని నా మనవి. ఏ పార్టీ ముందూ వంగి దండాలు పెట్టననీ, నా హక్కుల కోసం ఎవరినీ దేబిరించననీ మొదట్లోనే చెప్పేశాడు. ‘నా హక్కులు అడిగి తీసుకోవడానికి, నా మనిషితనపు గడప దాటి రాబోయేవారి మీద పిడుగులు విసరడానికి ఇక్కడ నిలబడ్డాను’ అన్నాడు. తోటివారి కంటే నల్లగా ఉన్నాడన్న నేరం మోపి ఒక మనిషిని చట్టసభ ముందు నిలబెట్టడం ప్రపంచ చరిత్రలో ఇదే మొదటిసారి అనీ, ఆ నేరం చేసింది పరలోకంలోని దేవుడే కదా అనీ అడిగాడు. ‘అసలు ప్రశ్న ఒక్కటే: నేను మనిషినా, కాదా? మనిషినైతే మనిషి హక్కులు నావి’ అన్నాడు. రెండు వందల యాభై ఏళ్లు మీ పొలాలు దున్నాం, మీ పంటలు ఇంటికి చేర్చాం, దానికి పరిహారం అడుగుతున్నామా, జరిగిందేదో జరిగింది, ఇప్పుడు మా హక్కులు మాకివ్వండి అని అడిగాడు.

నాకు ఆ ప్రసంగంలో అన్నింటికంటే మనసులో నాటుకున్నది మరో మాట. నల్లవాడు మాట్లాడాలంటే తెల్లవాడి బాకాలోంచే మాట్లాడాలట. వాడి మనసులో మాట బయటికి రావాలంటే తెల్ల దూతలు దానిలో నీళ్లు కలిపి, గడియారం లోలకంలా అటూ ఇటూ ఊగుతూ చెప్పాలట అని అతను చెప్పాడు. ఆర్నెల్ల కిందట రాజ్యాంగ సభలో తెల్ల మిత్రుల భరోసా మీద ఊరుకున్న మనిషి నోటి నుంచి ఈ మాట రావడంలో ఎంత అనుభవం ఉందో ఆలోచించండి.

ఓటింగు జరిగింది. దిగువ సభ నుంచి 25 మందిని తొలగించారు. ఒంటి ఛాయ తెల్లగా ఉన్న నలుగురి విషయంలో మాత్రం వారిలో ‘నల్ల రక్తం’ ఎంతుందో రుజువు చేయలేక వదిలేశారు. కొద్ది రోజుల్లోనే సెనేటులోనూ అదే జరిగింది. ఖాళీ అయిన స్థానాల్లో, ఎన్నికల్లో ఓడిపోయి రెండో స్థానంలో నిలిచిన తెల్ల అభ్యర్థులను తెచ్చి కూర్చోబెట్టారు. పదహారు రోజుల తర్వాత, సెప్టెంబరు 19న, బహిష్కృత సభ్యుడు ఫిలిప్ జాయినర్‌తో కలిసి ఎన్నికల సభ కోసం కెమిల్లా అనే ఊరికి నడిచి వెళుతున్న జనం మీద సాయుధులైన తెల్లవారు కాల్పులు జరిపారు; పన్నెండు మంది దాకా చనిపోయారు. మరుసటి ఏడాది మరో నల్లజాతి శాసనసభ్యుడు ఏబ్రమ్ కోల్బీని కు క్లక్స్ క్లాన్ అనే తెల్లవారి రహస్య ముఠా అర్ధరాత్రి ఇంట్లోంచి అడవిలోకి ఈడ్చుకుపోయి, గంటల తరబడి కొరడాలతో కొట్టి, చచ్చాడనుకుని వదిలేసింది. ఆయన బతికి, కాంగ్రెస్ కమిటీ ముందు అదంతా సాక్ష్యంగా చెప్పాడు.

టర్నర్ ఊరుకోలేదు. అక్టోబరులో మేకన్‌లో నల్లజాతి ప్రతినిధులను సమావేశపరిచి, జరిగిన అన్యాయాన్ని కాంగ్రెస్‌కు నివేదించాడు. సవానా పట్టణం ఉన్న చాథమ్ కౌంటీలో కోర్టు గుమాస్తాగా ఎన్నికైన రిచర్డ్ వైట్ కేసులో, నల్లవారికి పదవి చేపట్టే హక్కు ఉందని 1869లో జార్జియా సుప్రీంకోర్టే తీర్పు చెప్పింది. అయినా సభ కదలలేదు. చివరికి కాంగ్రెస్ 1869 డిసెంబరులో జార్జియాను మళ్లీ సైన్యం చేతిలో పెట్టాకే, 1870 ఆరంభంలో బహిష్కృతులు తమ స్థానాల్లోకి తిరిగి వచ్చారు. అమెరికా సెనేటులో కూర్చున్న మొట్టమొదటి నల్లజాతీయుడు హైరమ్ రెవెల్స్ కూడా టర్నర్ చర్చికే చెందిన పాస్టరు. 1870 ఫిబ్రవరి 25న మిసిసిపీ తరఫున ప్రమాణం చేసిన ఆయన, మార్చిలో తన తొలి ప్రసంగంలో మాట్లాడింది ఈ జార్జియా సభ్యుల తరఫునే. కానీ ఆ గెలుపు ఎన్నాళ్లో నిలవలేదు. బెదిరింపుల మధ్య జరిగిన 1870 డిసెంబరు ఎన్నికల్లో టర్నర్ ఓడిపోయాడు. రాష్ట్రం పాత యజమానుల పార్టీ అయిన డెమోక్రాట్ల చేతికి పోయింది. అంతకుముందే అధ్యక్షుడు గ్రాంట్ అతన్ని మేకన్ పోస్టుమాస్టరుగా నియమిస్తే, స్థానిక తెల్లవారు ఆ కుర్చీలోనూ కొన్ని వారాలకు మించి ఉండనివ్వలేదు.

ఆ తర్వాతి జీవితం చర్చిలో గడిచింది. 1880లో బిషప్పయ్యాడు. 1885లో ఒక మహిళకు చర్చిలో పాస్టరు పదవికి తొలి మెట్టయిన డీకన్ పదవి ఇచ్చి తన తోటి బిషప్పుల ఆగ్రహానికి గురయ్యాడు. హోటళ్లలో, రైళ్లలో వివక్షను నిషేధించిన 1875 చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1883లో కొట్టేసినప్పుడు, ఒకనాడు అమెరికా జెండా కింద యుద్ధానికి వెళ్లిన ఈ చాప్లినే అమెరికా రాజ్యాంగాన్ని ‘మురికి గుడ్డపేలిక’ అన్నాడు. దేవుణ్ణి తమ పోలికలోనే ఊహించుకునే హక్కు ప్రతి జాతికీ ఉన్నప్పుడు మాకెందుకు లేదని అడుగుతూ 1898లో ‘దేవుడు నీగ్రో’ అని రాశాడు. ఈ దేశంలో మనకు భవిష్యత్తు లేదు, ఆఫ్రికాకు వెళ్లిపోదాం అని చివరి పాతికేళ్లు ప్రచారం చేశాడు. 1895లోనూ 1896లోనూ సవానా రేవు నుంచి రెండు ఓడల్లో కొన్ని వందల మంది లైబీరియాకు వెళ్లారు. వారిలో చాలామంది జ్వరాలకూ, లేమికీ బలయ్యారు. ఈ విషయంలో టర్నర్ నిర్ణయం తప్పని నా అభిప్రాయం. ఎందరో నల్లజాతి నాయకులు ఆనాడే ఆ మాట అన్నారు. అయితే ఆ తప్పును అతని కోపిష్ఠి స్వభావానికి ముడిపెట్టి కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను. డేవిస్‌కే క్షమాభిక్ష పెట్టమన్న మనిషి ‘ఇక్కడ ఉండలేం’ అనే దాకా వచ్చాడంటే, ఆ దూరమంతా అతను ఒక్కడే నడిచినది కాదు. ఆ సభ, ఆ కోర్టు, కెమిల్లా దారి అతన్ని అక్కడిదాకా తరిమాయి.

ఇక మీ వ్యాసంలోని 1960 దశకం సంగతి. పునర్నిర్మాణం ముగిశాక కూడా జార్జియా సభలో ఒకరిద్దరు నల్లవారు మిగులుతూ వచ్చారు. వారిలో చివరివాడు 1907లో వెళ్లిపోయాడు. మళ్లీ 1962లో లెరాయ్ జాన్సన్ రాష్ట్ర సెనేటుకు గెలిచేదాకా ఒక్కరూ లేరు. కాబట్టి 1962 పునరాగమనం, తొలి ప్రవేశం కాదు. పైగా ఆ పాత అలవాటు అంత త్వరగా పోలేదు: 1966 జనవరిలో, ఎన్నికై వచ్చిన నల్లజాతి యువకుడు జూలియన్ బాండ్‌ను, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించాడన్న కారణం చూపి, అదే దిగువ సభ కూర్చోనివ్వలేదు, ఏడాది చివర సుప్రీంకోర్టు ఆదేశిస్తే గాని దారి ఇవ్వలేదు. టర్నర్‌ను బయటికి పంపిన రాష్ట్రం తన తొలి నల్లజాతి సెనేటరును వాషింగ్టన్‌కు పంపింది 2021లో. ఆయన రాఫెల్ వార్నాక్, ఆయనా పాస్టరే.

అట్లాంటా చుట్టుపక్కల నేడు వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆసియా దేశాలవారికి తలుపు తెరిచిన 1965 వలస చట్టం, నల్లజాతివారి ఓటు హక్కు చట్టం వచ్చిన ఏడాదే, అదే కాంగ్రెస్‌లో, అదే ఉద్యమపు ఊపులో వచ్చింది. మన పిల్లలు అక్కడ అనుభవిస్తున్న సమాన హక్కుల వెనుక ఈ పాత తగాదా ఉంది గనుక, మన పత్రికల్లో దీని లెక్క సరిగ్గా ఉండాలని కోరుకుంటున్నాను.

టర్నర్ 1915 మే 8న కెనడాలోని విండ్సర్‌లో చనిపోయాడు. అతన్ని అట్లాంటాలోని సౌత్ వ్యూ శ్మశానవాటికలో సమాధి చేశారు. నల్లవారు 1886లో తమ కోసం తామే ఏర్పాటు చేసుకున్న స్థలం అది. మీ వ్యాసం ఎవరితో ముగుస్తుందో ఆ మార్టిన్ లూథర్ కింగ్ భౌతికకాయాన్ని 1968లో మొదట ఖననం చేసింది కూడా అక్కడే.

వచ్చే ఆదివారం అనుబంధంలో ఆ వాక్యానికి సవరణ వేయవలసిందిగా ప్రార్థన. వేసేటప్పుడు 1868 సెప్టెంబరు 3 అనే తేదీనీ, హెన్రీ మెక్‌నీల్ టర్నర్ పేరునూ తప్పక చేర్చగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్రోపన్యాసకురాలు,
తెనాలి.